బాయిలో పేరు, ఇంట్లో పేరు

మా కాలనీలో అమ్మమ్మ వయసు ఆడవాళ్లెవరూ మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ దుకాణంలో అడిగినా, దవాఖానలో చిట్టీ రాసేవాడు అడిగినా పక్కనున్నవాళ్ల వంక చూస్తారు. పక్కనున్నవాళ్లే చెప్పాలి. మా అమ్మమ్మ మల్లక్క మాత్రం అట్లా కాదు. ఎవరడిగినా "నర్సింగం భార్యను" అని గట్టిగా చెప్పేది. గోడ మీది తాత ఫొటోను తుడిచేటప్పుడు మాత్రం ఏ పేరూ అనేది కాదు.

ఇంటర్ చదువుకోవడానికి గోదావరి అవతల జైపూర్ మండలంలోని మా ఊరి నుంచి గోదావరిఖనికి వచ్చిన కొత్తలో నాకు వింతగా తోచిన సంగతుల్లో ఇదొకటి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే కిటికీ రెక్కలు గలగలలాడడం, ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు మారడం ఇంకో రెండు. నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. నోటుబుక్కులో రాసుకునేదాన్ని, అంతే.

మేముండే కంపెనీ క్వార్టర్ చిన్నమామ ఉపేందర్ పేరు మీద ఉండేది. తాతకు చూపు మందగించి బొగ్గుబాయి పనికి తగడని కంపెనీ తేల్చినప్పుడు ఆయన ఉద్యోగం చిన్నమామకు వచ్చింది. అప్పటి నుంచి ఆయన బొగ్గుబాయిలో దిగుతూనే ఉన్నాడు. చిన్నమామ భార్య సంధ్యారాణి అత్త, వాళ్ల ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ, పెద్దమామ జగదీశ్వర్, వాళ్ల మధ్యలో నేను. పెద్దమామ పెళ్లి చేసుకోలేదు. బస్టాండు దగ్గర ఒక షట్టరు గదిలో ఆయన 'బాయి ముచ్చట' అని నాలుగు పేజీల వారపత్రిక నడిపేవాడు. ప్రతి గురువారం వచ్చేది. కాలేజీ అయ్యాక నేను ఆ గదికి పోయి కంప్యూటర్ మీద టైపు చేసిపెట్టేదాన్ని. మాట్లాడకుండా కూర్చోవచ్చు కాబట్టి ఆ పని నాకు నచ్చింది.

పత్రికలో జనం మొదట తిప్పేది మూడో పేజీ. అక్కడ 'పేరు పేరునా' అనే శీర్షిక ఉండేది. వెనకటి రోజుల్లో బాయిపనికి ఒకరి పేరు వస్తే ఇంకొకరు దిగినవాళ్లు మా దగ్గర చాలామంది. అన్న పేరు మీద తమ్ముడు, దోస్తు పేరు మీద దోస్తు. కంపెనీ కాగితాల్లో ఒక పేరు, ఊళ్లో ఇంకో పేరు. వాళ్లు ఆ పేరుతోనే ముప్పై ఏళ్లు చేసి నౌకరి దిగిపోయారు. తీరా కొడుకులు ఆ ఉద్యోగం కోసం కాగితాలు పెట్టుకుంటే పేర్లు కలవక ఫైలు ఆగిపోయేది. పెద్దమామ పన్నెండేళ్లుగా అటువంటివాళ్ల ఉత్తరాలు అచ్చువేస్తున్నాడు. ఒక్కొక్కరికి నాలుగే వరుసలు. కాగితంలో పేరు, ఇంట్లో పేరు, ఎవరి బదులు దిగాడు, పిల్లలెవరు. మంగళవారం లోపల అందిన ఉత్తరం ఏదైనా ఆ గురువారం రావలసిందే. ఎవరిదీ ఆపడు, ఎవరిదీ దాచడు. భయపడుతూ వచ్చినవాళ్లకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మీ పేరు మీరు చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తరని అడిగేవాడు. వాళ్లు చాయ్ తాగి సంతకం పెట్టేవాళ్లు.

పెత్రమాస రోజున మేమంతా గుడికి పోయాం. చచ్చిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు అది. మెట్ల దగ్గర వరుస బారుగా ఉంది. మా వంతు వచ్చాక అయ్యగారు చిన్నమామను తండ్రి పేరు అడిగాడు. చిన్నమామ అమ్మమ్మ వంక చూశాడు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మల్లన్న దేవుడుండే ఊరు పేరే అయ్యగారూ," అంది. అయ్యగారికి ఇటువంటివి అలవాటేమో, తల కూడా ఎత్తకుండా "కొమురెల్లి" అని మంత్రం చదువుకుంటూ పోయాడు.

నా చేతిలో నువ్వుల గిన్నె ఉంది. కొమురెల్లి ఎవరు?

ఆ సాయంత్రం అత్తతో కలిసి బతుకమ్మకు తంగేడు పూలు తెంపుతూ ఆ మాట అడిగాను. గోదావరిఖని వచ్చాక నేను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటా. అత్త చేతిలో పూలు అట్లాగే పెట్టుకుని అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. తాత అసలు పేరు కొమురెల్లి. మంథని వైపు పల్లె ఆయనది. అదే ఊరి నర్సింగానికి బాయిలో పని వచ్చింది. నర్సింగం ఒక్కరోజు దిగి, ఆ చీకటికి జడుసుకుని మర్నాడు ఊరికి ఉరికాడు. ఆయన హాజరుబిళ్ల పట్టుకుని తాత దిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు నర్సింగంగానే దిగాడు. అందరికంటే తాత ముందుచూపు గలవాడు. బడిలో కొడుకులను వేసేటప్పుడే తండ్రి పేరు నర్సింగం అని రాయించాడు. కాబట్టి చిన్నమామ ఫైలు ఎక్కడా ఆగలేదు.

"ఇది నీ కడుపుల్నే ఉండాలె బిడ్డా," అంది అత్త. "బయటపడ్డదంటే మీ మామ నౌకరి పోతది. నౌకరి పోతే క్వార్టర్ పోతది. పిల్లలను పట్టుకోని యాడికి పోవాలె?"

నేను తలూపాను. కానీ మర్నాటి నుంచి నా బుర్ర కుదురుగా లేదు. అమ్మమ్మ ఆ పేరును అంత సులువుగా ఎందుకు పలికేదో అర్థమైంది. అది ఆమె మొగుడి పేరు కాదు. అర్థం కానిది పెద్దమామ. బీరువాలో పన్నెండేళ్ల సంచికలు కుట్టి పెట్టి ఉన్నాయి. వారం రోజులు పని అయ్యాక ఒక్కొక్కటే తిప్పాను. ఊరందరి తండ్రుల పేర్లూ ఉన్నాయి. మా తాత పేరు లేదు. ఆ శీర్షిక ఆయన తన తండ్రి కోసమే మొదలుపెట్టాడా? లేకపోతే అందరివీ అచ్చువేస్తే తమది ఎవరూ అడగరనా? టైపు చేస్తూ దొంగచాటుగా ఆయన ముఖం చూసేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ప్రూఫు దిద్దుకుంటూ ఉండేవాడు.

అంతలో అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చాయి. రిటైరైన కార్మికులు పదిహేను మంది వచ్చి ఏ పార్టీ లేకుండా నిలబడమని పెద్దమామను అడిగారు. రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారి, ఆయన అచ్చువేసిన పేర్ల కొడుకులే రెండొందల మంది షట్టరు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. అప్పుడు సరేనన్నాడు. నామినేషన్ అయ్యాక ఇచ్చిన గుర్తు కుట్టుమిషను. చొక్కాకు గుండీ కుట్టుకోవడం కూడా చేతకానివాడికి కుట్టుమిషనేందని అత్త నవ్వింది.

నామినేషన్ కాగితాలు నింపే రోజు ఫొటోలు తెచ్చివ్వడానికి నేను వకీలు ఆఫీసుకు పోయాను. పెద్దమామ తన చేత్తోనే రాస్తున్నాడు. తండ్రి పేరు దగ్గర పెన్ను ఆగింది. వకీలు ఫోను చూసుకుంటున్నాడు కాబట్టి చూడలేదు. పెద్దమామ తలెత్తితే ఎదురుగా నేనున్నాను. నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయిందేమో, తెలియదు. పదో తరగతి సర్టిఫికెట్ దగ్గరికి లాక్కుని, అందులో ఉన్నట్టే రాశాడు. నర్సింగం.

ఆ వారం 'పేరు పేరునా' రాలేదు. ఎలక్షన్ల రూళ్లున్నాయి, అయ్యేదాకా ఆ పేజీ వద్దన్నాడు. ఆ రూళ్లకూ ఆ పేజీకీ ఏం సంబంధమో నాకు తెలియలేదు. ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటిని ఒక ప్లాస్టిక్ కవరులో దాస్తూ వచ్చాను.

పోలింగు ఇంకా పదిరోజులుందనగా ఒక ఆదివారం ఒక ముసలాయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తలకు తువ్వాల, చేతిలో కర్ర, బస్సులో నిలబడి వచ్చినట్టు కాళ్లు వణుకుతున్నాయి.

"నర్సింగం ఇల్లు ఇదేనా బిడ్డా?"

ఇదే కానీ ఆయన చనిపోయి ఆరేళ్లయిందని చెప్పాను.

"నేనైతే ఇంక బతికే ఉన్న," అన్నాడు ముసలాయన.

లోపలి నుంచి అమ్మమ్మ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చుని గోడ మీది పెద్దమామ ఎలక్షన్ పోస్టరు నన్ను చదవమన్నాడు. చదివాను. కీర్తిశేషులు నర్సింగం గారి కుమారుడు అని ఉంది. ముసలాయన పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. తన పేరు మీద పనిచేసినవాడున్నాడు, తన పేరు మీద పిల్లలను కన్నవాడున్నాడు, ఇప్పుడు తన పేరు మీద ఓట్లు అడుగుతున్నారు, తనకేమో ఈ నియోజకవర్గంలో ఓటే లేదు అన్నాడు.

"ఆనాడు ఉర్కకుంటే గివన్ని నీకే ఉంటుండె," అంది అమ్మమ్మ.

"దిగి చూస్తే తెలుస్తుండె నీకు. ఇప్పటికీ కండ్లు మూస్తే గదే చీకటి."

మామలిద్దరూ ప్రచారం నుంచి అన్నానికి వచ్చారు. ఆయనను చూసి పెద్దమామ ముఖం పాలిపోయింది. అత్త ఐదు కంచాలు పెట్టింది. అన్నం కలుపుకుంటూ ముసలాయన తాను వచ్చిన పని చెప్పాడు. మూడు రోజుల కింద ఊరికి కారులో ఇద్దరు పోరలు వచ్చారట. అవతలి క్యాండిడేటు మనుషులు. రచ్చబండ దగ్గర పదిమందిలో ఫోనులో రికార్డు చేస్తూ, నర్సింగం అంటే నువ్వేనా, మరి బాయిలో నీ పేరు మీద పనిచేసిందెవరని అడిగారట.

పెద్దమామ ఏం చెప్పినవు కాకా అన్నాడు.

"నర్సింగం సచ్చిపోయి ఆరేండ్లాయె. నా పేరు కొమురెల్లి అన్న."

ఊళ్లోవాళ్లు? ఎవరూ కిమ్మనలేదట. పక్కన కూర్చున్న సర్పంచి కూడా, అవును ఈయన కొమురెల్లి కాకనే అన్నాడట. వచ్చినవాళ్లు ఇంకో రెండిళ్లల్లో అడిగి, అదే మాట విని తిరిగి వెళ్లిపోయారు.

పెద్దమామ ఎంగిలిచేత్తోనే ముసలాయన భుజం పట్టుకున్నాడు. అత్త గట్టిగా ఊపిరి వదిలి, చికెన్ గిన్నె తెచ్చి ఆయన కంచంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. అందరి ముఖాలూ ఒక్కసారి తేటపడ్డాయి. అమ్మమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుంది.

"బాయికి ఇచ్చింది నీ పేరు," అంది. గొంతు పెంచలేదు. "పెండ్లి కార్డుల మీద నీ పేరు, సావు కాగితం మీద నీ పేరు. ఆయినెకు ఆయినె పేరొక్కటే మిగిలింది. గది గూడ నువ్వే ఏసుకుంటివి."

ముసలాయన నీళ్లు తాగాడు. "మరేం జెయ్యమంటవు మల్లక్కా. పోరని నౌకరి పోతదని అన్న."

"నిన్ను అంటలేను. తిను," అంది అమ్మమ్మ.

చిన్నమామ కంచంలోనే చేయి కడుక్కుని లేచాడు. అప్పటికి సగమే తిన్నాడు. మధ్యాహ్నం బస్సుకు ముసలాయనను బండి మీద దింపి వచ్చి, యూనిఫాం ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు డ్యూటీ కూడా లేదు. ఉతికిందే ఉతికాడు.

పెద్దమామ పందొమ్మిది వందల ఓట్లతో గెలిచాడు. మా కాలనీ మొత్తం గులాలుతో ఎర్రబడింది. డప్పులు, పటాకులు, మెడ వంచలేనన్ని దండలు. హైదరాబాద్ నుంచి టీవీవాళ్లు వచ్చి అమ్మమ్మ ముందు మైకు పెట్టారు. ఎమ్మెల్యే గారి తల్లి, మీ ఆయన పేరేందమ్మా అని ఒకతను అడిగాడు.

అమ్మమ్మ మైకు వంక కాకుండా పక్కనున్న ఆడవాళ్ల వంక చూసింది. అందరు ముసలివాళ్లు చూసినట్టే. పక్కింటామె చటుక్కున "నర్సింగం, నర్సింగం" అని చెప్పింది. టీవీ అతను రాసుకుని వెళ్లాడు. చిన్నమామ కొంచెం దూరంలో, చేతిలో మిఠాయి డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఆయన అదంతా చూశాడు. ఆ డబ్బాలో మిఠాయి ఎవరికీ పంచినట్టు నాకు గుర్తు లేదు.

ప్రమాణం చేసి పెద్దమామ తిరిగి వచ్చాక పేజీ మళ్లీ మొదలుపెడదామన్నాడు. ఇప్పుడు షట్టరు ముందు ఇద్దరు గన్‌మెన్లు ఉండేవారు. వాళ్లను చూసి ఉత్తరాలు తెచ్చేవాళ్లు గదిలోకి రావడానికి జంకేవారు. ఆ మంగళవారం నేను ప్లాస్టిక్ కవరు తెరిచి లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ టైపు చేశాను.

మూడున్నరకు చిన్నమామ వచ్చాడు. ఫస్టు షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. కళ్ల అంచుల్లో బొగ్గు ఇంకా పోలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా కీబోర్డు పక్కన పెట్టాడు. మిగతావాటితో పాటు ఇది కూడా కొట్టమని చెప్పి, బల్ల మీద కూర్చున్నాడు. బడిపిల్లవాడి రాత లాంటి గుండ్రటి అక్షరాలు.

కాగితంలో పేరు: నర్సింగం. ఇంట్లో పేరు: కొమురెల్లి. ఎవరి బదులు దిగాడు: దోస్తు నర్సింగం బదులు. పిల్లలు: ఉపేందర్.

నేను కొట్టకుండా పక్కన పెట్టాను. పెద్దమామ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం ఇద్దరం. ఆయన ఐదింటికి వచ్చి, ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది నాకు ఇంట్ల చెప్పొచ్చు గదరా."

"ఇంట్ల చెప్తే వద్దంటవు. ఇక్కడిస్తే ఆపవు."

పెద్దమామ షట్టరు సగం దించి చాలాసేపు చెప్పాడు. రెండు నెలలు ఆగితే చాలన్నాడు. అసెంబ్లీలో ఈ పేర్ల సంగతి ఎత్తుతాను, మంత్రిని అడుగుతాను, ఏదో ఒక ఉత్తర్వు వస్తుంది, అప్పుడు ఉద్యోగానికి భయం ఉండదు, అప్పుడు వేద్దాం అన్నాడు. ఇప్పుడు వేస్తే ఓడినవాళ్లు కోర్టుకు పోతారని, సీటు సంగతి దేవుడెరుగు, క్వార్టర్‌లో పిల్లలున్నారని అన్నాడు. అన్నీ నిజమే. నాకు భయం వేసింది. అత్త ముఖం కళ్ల ముందు కదిలింది.

చిన్నమామ అంతా విన్నాడు. "మరి గీ ఎనిమిది మందిని గూడ రెండు నెల్లు ఆపుతవా?"

పెద్దమామ ఆ ఎనిమిది ఉత్తరాల వంక చూశాడు.

"పన్నెండేండ్ల సంది మందికి ఏం చెప్పినవో, నాకు గూడ గదే చెప్పు అన్నా."

బయట గన్‌మన్ ఎవరికో చాయ్ చెప్తున్నాడు. పెద్దమామ ఆ కాగితం పట్టుకుని కిటికీ దాకా పోయి వచ్చాడు. మళ్లీ చదివాడు. ఈసారి చివరి వరుస దగ్గర ఆగాడు. అక్కడ ఒక్క పేరే ఉందని అప్పుడు చూసినట్టున్నాడు. తమ్ముడి ముఖంలోకి చూశాడు. చిన్నమామ కిందికి చూస్తూ గోళ్లలోని బొగ్గు తీసుకుంటున్నాడు.

"సహస్రా, పిల్లలు అన్నకాడ ముందుగాల జగదీశ్వర్ అని కొట్టు," అన్నాడు పెద్దమామ.

కొట్టాను. ఎమ్మెల్యే అని పెట్టాలా అని అడిగితే వద్దు, ఎవరికీ పెట్టం గదా అన్నాడు. రెండు పేర్లూ తెర మీద పక్కపక్కన ఉన్నాయి. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను.

"మరి మా అమ్మ?"

ఇద్దరు మామలూ ఒకేసారి నా వంక తిరిగారు. పెద్దమామ చెవి గోక్కున్నాడు. పన్నెండేళ్లుగా ఆ వరుసలో ఎవరి ఆడపిల్లల పేర్లూ రాలేదు. ఉద్యోగం కొడుకులకు కదా అని ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. రాయి అన్నాడు చివరికి, మీ అమ్మ నాకంటే పెద్దది, ముందుగాల ఆమె పేరే రాయి. సుప్రజ అని కొట్టాను. తర్వాత జగదీశ్వర్. తర్వాత ఉపేందర్.

ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి అత్త ఎవరితోనూ మాట్లాడలేదు. బుధవారమంతా గిన్నెల చప్పుడే వినిపించింది. గురువారం పత్రిక వచ్చింది. ఆ పొద్దున చిన్నమామ ఎప్పటిలాగే క్యారియర్ తగిలించుకుని ఫస్టు షిఫ్టుకు పోయాడు. పెద్దమామ హైదరాబాద్ పోవలసింది, పోలేదు. నేను కాలేజీ ఎగ్గొట్టాను. మూడు దాటాక అందరం వాకిట్లోనే ఉన్నాం. అమ్మమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఏరినవే మళ్లీ ఏరుతోంది.

మూడూ నలభైకి మలుపులో బండి కనిపించింది. చిన్నమామ స్టాండు వేసి, హెల్మెట్ తీసి, మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అందరం ఆయన నోటి వంకే చూస్తున్నాం.

హాజరు రాసే క్లర్కు పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడట. లోపలికి పిలిచాడట.

"ఇప్పుడు నీ తండ్రి పేరు ఏమని రాయాల్నో చెప్పు అన్నడు. కొమురెల్లి అన్న."

"గంతేనా?" అంది అత్త. రెండు రోజుల తర్వాత ఆమె గొంతు వినడం అదే. "ఏం జేసిండు?"

"పాతది కొట్టెయ్యలే. పక్కపొంటి పెన్సిల్ తోటి రాసుకున్నడు."

"పెన్సిల్ తోటంటే తుడుస్తరా?"

"తుడుస్తరో, పెన్ను తోటి దిద్దుతరో నాకెట్ల తెలుస్తది. పై సార్లకు పంపాలె అన్నడు. రేపు డ్యూటీకైతే రమ్మన్నడు."

అత్త ఆయన చేతిలోంచి క్యారియర్ తీసుకుంది. బరువుగా అనిపించిందేమో, అక్కడే మూత విప్పి చూసింది. పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. ఆమె మళ్లీ మూత పెట్టి, లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.